డెస్క్‌టాప్ కస్టమైజేషన్ సాఫ్ట్‌వేర్

కంప్యూటర్ తెర మీది డెస్క్‌టాప్ రూపాన్ని, అది పనిచేసే తీరును యూజర్ తన అవసరానికీ అభిరుచికీ తగ్గట్టు మార్చుకునేందుకు ఉపయోగపడే ప్రోగ్రాములను డెస్క్‌టాప్ కస్టమైజేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. వాల్‌పేపర్ మార్చే చిన్న సదుపాయం మొదలుకొని, స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్‌లతో సహా డెస్క్‌టాప్‌ను మొత్తంగా తీసేసి ఆ చోట మరొకటి నిలబెట్టే షెల్ ప్రోగ్రాముల దాకా అన్నీ ఈ కోవలోకే వస్తాయి. థీమ్‌లు, స్కిన్‌లు, విడ్జెట్లు, డాక్‌లు, విండో మేనేజర్లు ఇందులో ప్రధాన రకాలు.

తెర ఎలా ఉండాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవారా, దాని ముందు రోజూ కూర్చునేవారా అన్న ప్రశ్న చుట్టూనే ఈ చరిత్ర నడిచింది. బయటి ప్రోగ్రామర్లు ఒక సదుపాయం కనిపెట్టడం, అది జనానికి నచ్చితే కంపెనీ దాన్ని సొంత సిస్టమ్‌లో కలుపుకోవడం, తర్వాత భద్రత కోసమనో ఏకరూపత కోసమనో ఆ దారి మూసేయడం, ప్రోగ్రామర్లు మరో దారి వెతుక్కోవడం నాలుగు దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ జరుగుతూ వచ్చింది.

పొరలు, పనితీరు

డెస్క్‌టాప్ ఒకే వస్తువులా కనిపించినా అది పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైపొరలో వాల్‌పేపర్, రంగులు, ఐకాన్లు, మౌస్ పాయింటర్, శబ్దాలు ఉంటాయి. వీటన్నిటినీ ఒక మూటగా కట్టి ఒక్క క్లిక్‌తో మార్చుకునేలా ఇస్తే అది థీమ్. దాని కింది పొరలో విండోల అంచులు, టైటిల్ బార్లు, బటన్లు, స్క్రోల్ బార్లు ఉంటాయి. వీటిని గీసేది ఆపరేటింగ్ సిస్టమే. కాబట్టి వీటిని మార్చే ప్రోగ్రాము, సిస్టమ్ బొమ్మ గీయబోయే క్షణంలో అడ్డుపడి తన బొమ్మను గీయాలి. ఆ పనినే స్కిన్ వేయడం అంటారు.

ఇంకా లోపల ఉండేది షెల్. ప్రోగ్రాములు తెరవడానికి, ఫైళ్లు వెతకడానికి, నడుస్తున్నవాటి మధ్య అటూ ఇటూ మారడానికి యూజర్ ఆధారపడేది దీని మీదే. విండోస్‌లో ఆ పని ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాము చేస్తుంది. లినక్స్, యూనిక్స్ సిస్టమ్‌లలో విండోలను ఎక్కడ నిలపాలో, వాటి చుట్టూ చట్రం ఎలా ఉండాలో చూసే విండో మేనేజర్ విడిగా ఉంటుంది. వాతావరణం, గడియారం, ప్రాసెసర్ మీది భారం వంటివి చూపుతూ వాల్‌పేపర్ మీద తేలే చిన్న ప్రోగ్రాములు విడ్జెట్లు.

ఇంటితో పోల్చి చెప్పాలంటే వాల్‌పేపర్ మార్చడం గోడలకు సున్నం వేయించడం. స్కిన్ వేయడం తలుపులూ కిటికీలూ మార్చడం. షెల్‌ను మార్చడమంటే పునాదిని అలాగే ఉంచి పైన ఇల్లు మళ్లీ కట్టుకోవడం. ఎంత లోతుకు వెళితే అంత స్వేచ్ఛ, అంత ప్రమాదం కూడా. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక అప్‌డేట్ రాగానే లోపలి పొరల్లో చేసిన మార్పులు చెడిపోవడం ఈ రంగంలో మామూలే.

తొలినాళ్లు

కంప్యూటర్ తెరను బల్లగా ఊహించి, దాని మీద కాగితాలు, ఫైళ్లు, చెత్తబుట్ట ఉన్నట్టు చూపే పద్ధతి కాలిఫోర్నియాలోని జెరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. అక్కడ 1973లో తయారైన ఆల్టో కంప్యూటర్ దీనికి బాట వేసింది. 1981లో మార్కెట్లోకి వచ్చిన జెరాక్స్ స్టార్ ఈ డెస్క్‌టాప్ ఊహను ఐకాన్లతో సహా అమ్మకానికి పెట్టింది.

మామూలు యూజర్‌కు తెర మీద సొంత గుర్తు వేసుకునే వీలు 1984 జనవరిలో విడుదలైన ఆపిల్ మాకింటోష్‌తో దొరికింది. దాని కంట్రోల్ ప్యానెల్‌లో 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న చిన్న గడి ఉండేది. ఆ 64 చుక్కల్లో దేన్ని నల్లగా ఉంచాలో, దేన్ని తెల్లగా ఉంచాలో యూజర్ నిర్ణయిస్తే, ఆ నమూనా గచ్చు మీది ముగ్గులా తెరంతా పరుచుకునేది. రంగులు లేని ఆ తెర మీద వ్యక్తిగత అభిరుచికి దొరికిన చోటు అంతే. మాకింటోష్ తొలి ఐకాన్లను గీసిన సూసన్ కేర్ తర్వాత విండోస్ 3.0కు కూడా ఐకాన్లు రూపొందించారు.

మైక్రోసాఫ్ట్ 1985లో తెచ్చిన విండోస్ 1.0లోనే రంగులు మార్చుకునే వీలుంది. 1990 నాటి విండోస్ 3.0లో వాల్‌పేపర్‌గా బొమ్మ పెట్టుకునే సదుపాయం వచ్చింది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో సిద్ధంగా ఉంచిన రంగుల జట్లలో ‘హాట్ డాగ్ స్టాండ్’ అనేది ఎరుపు, పసుపు కలిసి కళ్లు జిగేల్మనిపించేది. అంత గాఢమైన రంగులను ఎవరు కోరుకుంటారని నవ్వుకున్నవారు నవ్వుకోగా, విండోస్ చరిత్రలో ఇప్పటికీ గుర్తుండిపోయిన రంగుల జట్టు అదే.

ఇదే కాలంలో స్క్రీన్ సేవర్లు ప్రత్యేక వ్యాపారంగా ఎదిగాయి. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే పాత సీఆర్‌టీ తెరల మీద మచ్చ పడేది. దాన్ని తప్పించడానికి పుట్టిన ఈ ప్రోగ్రాములు వినోదంగా మారాయి. బర్క్‌లీ సిస్టమ్స్ కంపెనీ 1989లో తెచ్చిన ‘ఆఫ్టర్ డార్క్’లో రెక్కలున్న టోస్టర్లు తెర మీద ఎగురుతుండేవి. వాటిని తుపాకీతో కాల్చే బొమ్మతో మరో కంపెనీ స్క్రీన్ సేవర్ తెస్తే, ఆ తగాదా 1993లో కోర్టుకెక్కింది. తెరను అలంకరించే బొమ్మకు మార్కెట్ విలువ ఉందని ఆ వ్యాజ్యంతో తేలిపోయింది.

యూనిక్స్ లోకం: రూపాన్ని విడదీసిన నిర్ణయం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1984లో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్ ఈ చరిత్రను ఒక మలుపు తిప్పింది. తెర మీద గీతలు గీయడానికి, విండోలు తెరవడానికి కావలసిన యంత్రాంగం మాత్రమే తాము ఇస్తామని, అవి ఎలా కనిపించాలో తాము నిర్ణయించబోమని దాని రూపకర్తలు తేల్చుకున్నారు. టైటిల్ బార్ పైన ఉండాలా పక్కన ఉండాలా, మౌస్ తాకగానే విండో చురుకవ్వాలా, క్లిక్ చేయాలా అన్నవన్నీ విండో మేనేజర్ అనే విడి ప్రోగ్రాముకు వదిలేశారు. దానితో యూజర్ తనకు నచ్చిన విండో మేనేజర్‌ను ఎంచుకునే అవకాశం సిస్టమ్ నిర్మాణంలోనే చేరిపోయింది.

1987లో టామ్ లాస్ట్రేంజ్ రాసిన టీడబ్ల్యూఎం, 1993లో రాబర్ట్ నేషన్ మొదలుపెట్టిన ఎఫ్‌వీడబ్ల్యూఎం ఆ తొలి తరానికి చెందినవి. రెండిటికీ సెట్టింగులు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండేవి. యూజర్ ఆ ఫైల్ తెరిచి, నాలుగు వరుసలు మార్చి, మళ్లీ మొదలుపెడితే తెర మారిపోయేది. 1997లో కార్స్టన్ హైట్జ్‌లర్ విడుదల చేసిన ఎన్‌లైటెన్‌మెంట్ చిత్రకారుల తరహా బొమ్మలతో, సక్రమమైన దీర్ఘచతురస్రం కాని విండో అంచులతో లినక్స్ డెస్క్‌టాప్‌కు కొత్త ఆర్భాటం తెచ్చింది.

స్టీవ్ జాబ్స్ ఆపిల్‌ను వదిలి స్థాపించిన నెక్స్ట్ కంపెనీ తయారుచేసిన నెక్స్ట్‌స్టెప్ సిస్టమ్ కూడా ఈ కాలానిదే. తెర కుడి అంచున ఐకాన్ల వరుసగా నిలబడే దాని డాక్ ఎందరినో ఆకట్టుకుంది. ఆ రూపాన్ని లినక్స్‌లో అనుకరిస్తూ ఆఫ్టర్‌స్టెప్, విండో మేకర్ పుట్టాయి. ఆఫ్టర్‌స్టెప్‌ను విండోస్‌లో అనుకరిస్తూ లైట్‌స్టెప్ పుట్టింది. ఈలోగా నెక్స్ట్‌ను ఆపిల్ కొనేయడంతో ఆ డాక్ 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌లోకి చేరింది. దాన్ని చూసి విండోస్ కోసం ఆబ్జెక్ట్‌డాక్, రాకెట్‌డాక్ వంటివి వచ్చాయి. ఒకే ఊహ నాలుగు సిస్టమ్‌ల మీదుగా ప్రయాణించిన తీరు ఇది.

1996లో మతియాస్ ఎట్రిచ్ కేడీఈని, 1997లో మిగెల్ డె ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను ప్రారంభించడంతో లినక్స్‌లో విండో మేనేజర్, ఫైల్ మేనేజర్, ప్యానెల్, థీమ్‌లు కలిసికట్టుగా వచ్చే పూర్తి డెస్క్‌టాప్‌లు మొదలయ్యాయి.

విండోస్ 95, షెల్ మార్పిడి

విండోస్ 3.0లో ప్రోగ్రామ్ మేనేజర్ అనే పలకకు బదులుగా వాడుకునేందుకు 1991లోనే నార్టన్ డెస్క్‌టాప్ వంటి ఉత్పత్తులు వచ్చాయి. సిస్టమ్.ఐఎన్ఐ అనే ఫైల్‌లో ‘షెల్’ అన్న మాటకు ఎదురుగా ఏ ప్రోగ్రాము పేరు రాస్తే కంప్యూటర్ మొదలవగానే అదే తెర మీదికి వచ్చేది. ఒక్క వరుస మార్చితే చాలు. 1992 నాటి ఐబీఎం ఓఎస్/2 2.0లోని వర్క్‌ప్లేస్ షెల్ మరో అడుగు ముందుకు వేసింది. అందులో తెర మీది ప్రతి వస్తువుకూ విడిగా గుణాలు మార్చుకోవచ్చు. అమెరికా కంపెనీ స్టార్‌డాక్ ఈ ఓఎస్/2 కోసమే ‘ఆబ్జెక్ట్ డెస్క్‌టాప్’ తయారుచేసి ఈ రంగంలో అడుగుపెట్టింది.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ వచ్చాయి. అదే సమయంలో మైక్రోసాఫ్ట్ విడిగా అమ్మిన ‘ప్లస్!’ ప్యాకేజీలో వాల్‌పేపర్, పాయింటర్లు, శబ్దాలు, ఐకాన్లు కలిపిన డెస్క్‌టాప్ థీమ్‌లు ఉన్నాయి. డబ్బు పెట్టి కొనాల్సిన ఆ థీమ్‌లు విండోస్ 98 నాటికి సిస్టమ్‌లోనే చేరిపోయాయి. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చిన యాక్టివ్ డెస్క్‌టాప్, వెబ్ పేజీనే వాల్‌పేపర్‌గా పెట్టుకోనిచ్చింది. అప్పటి కంప్యూటర్లకు, డయలప్ కనెక్షన్లకు అది మోయలేని భారమైంది.

విండోస్ 95లోనూ ‘షెల్’ వరుస మిగిలే ఉంది. లైట్‌స్టెప్, జియోషెల్, బ్లాక్‌బాక్స్ ఫర్ విండోస్ వంటివి ఆ వరుసను పట్టుకునే ఎక్స్‌ప్లోరర్ స్థానంలోకి వచ్చాయి. వీటికి మెమరీ తక్కువ పట్టేది, కంప్యూటర్ త్వరగా మొదలయ్యేది. స్టార్ట్ మెనూకు బదులు తెర మీద ఎక్కడ కుడి క్లిక్ చేస్తే అక్కడే మెనూ తెరుచుకునేది.

స్కిన్‌ల యుగం

‘స్కిన్’ అనే మాటను కోట్ల మంది నోట పలికించింది పాటలు వినిపించే ప్రోగ్రాము. జస్టిన్ ఫ్రాంకెల్ 1997లో విడుదల చేసిన విన్‌యాంప్, తర్వాతి వెర్షన్లలో ముఖం మార్చుకునే వీలిచ్చింది. దాని స్కిన్ అంటే కొన్ని బొమ్మ ఫైళ్లను కలిపి కట్టిన జిప్ ఫైల్ తప్ప మరేమీ కాదు. ప్రోగ్రామింగ్ రాకపోయినా, పెయింట్‌లో బొమ్మ గీయగలిగిన ఎవరైనా స్కిన్ తయారుచేయగలిగారు. ఈ సులువే దాని బలం. 2020లో ప్రారంభమైన విన్‌యాంప్ స్కిన్ మ్యూజియంలో 65 వేలకు పైగా స్కిన్‌లు చేరాయి.

స్టార్‌డాక్ 1998 నుంచి అభివృద్ధి చేస్తున్న విండోబ్లైండ్స్ ఆ సౌకర్యాన్ని ఒక ప్రోగ్రాముకు కాక విండోస్ మొత్తానికీ విస్తరించింది. మ్యాక్‌లో గ్రెగ్ లాండ్‌వెబర్, ఆర్లో రోజ్ రూపొందించిన కలైడోస్కోప్ అదే పని చేసింది. ఆపిల్ సైతం మ్యాక్ ఓఎస్ 8.5 కోసం కొన్ని థీమ్‌లు తయారుచేసింది. కానీ 1998లో ఆ వెర్షన్ విడుదలయ్యేసరికి ‘ప్లాటినం’ ఒక్కటే మిగిలింది, తక్కినవి పక్కకు పోయాయి. 2000 జనవరిలో ఆపిల్ చూపించిన ‘ఆక్వా’ రూపాన్ని అనుకరిస్తూ థీమ్‌లు వెల్లువెత్తినప్పుడు కంపెనీ న్యాయవాదుల నుంచి వాటిని తొలగించమని లేఖలు వెళ్లాయి. కంపెనీ దృష్టిలో తెర రూపం దాని వ్యాపార గుర్తు, థీమ్ గీసినవారి దృష్టిలో అది తమ గోడ.

స్కిన్‌లు ఇచ్చిపుచ్చుకునేందుకు సైట్లు వెలిశాయి. 2000 ఆగస్టులో ప్రారంభమైన డీవియంట్ ఆర్ట్ నేడు చిత్రకారుల వేదికగా పేరుపడినా, దాని మూలం ఈ స్కిన్‌ల పంపకంలోనే ఉంది. 2001లో స్టార్‌డాక్ విన్‌కస్టమైజ్‌ను ఆరంభించింది.

విండోస్ ఎక్స్‌పీ, సంతకం తాళం

2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీ స్కిన్‌లను సిస్టమ్‌లోనే కలుపుకుంది. ‘లూనా’ అనే దాని రూపం నీలం, ఆలివ్ ఆకుపచ్చ, వెండి రంగుల్లో దొరికేది. వెనుక కనిపించే పచ్చని కొండ, నీలాకాశం కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో చార్లెస్ ఓరియర్ 1996లో తీసిన ఫొటో.

అయితే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న థీమ్‌లనే ఎక్స్‌పీ అంగీకరించేది. స్కిన్ వేసే యంత్రం ఇంట్లోనే ఉన్నా తాళం కంపెనీ దగ్గరుంది. ప్రోగ్రామర్లు సంతకాన్ని సరిచూసే యూఎక్స్‌థీమ్ అనే ఫైల్‌లో కొన్ని బైట్లు మార్చి ఆ తనిఖీని దాటేశారు. స్టైల్ఎక్స్‌పీ వంటి ప్రోగ్రాములు ఆ పనిని తేలిక చేశాయి. కొత్త సర్వీస్ ప్యాక్ వచ్చినప్పుడల్లా ఆ ఫైల్ మారేది, మళ్లీ ప్యాచ్ చేయాల్సి వచ్చేది. సిస్టమ్ ఫైళ్లను ఇలా తెలియని చోటి నుంచి వచ్చిన ప్రోగ్రాములకు అప్పగించడం వైరస్‌లకు తలుపు తీయడమేనన్న విమర్శలోనూ నిజముంది.

విడ్జెట్ల రాకపోకలు

ఫిన్లాండ్ ప్రోగ్రామర్ కిమ్మో పెక్కోలా 2001లో మొదలుపెట్టిన రెయిన్‌మీటర్ మొదట్లో ప్రాసెసర్, మెమరీల వాడకాన్ని చూపే చిన్న మీటర్. క్రమంగా అది టెక్స్ట్ ఫైళ్లతో ఎలాంటి విడ్జెట్‌నైనా రాసుకునే వేదికగా పెరిగింది. తర్వాత ఓపెన్ సోర్స్‌గా మారి ఔత్సాహికుల చేతుల్లో కొనసాగుతోంది.

కలైడోస్కోప్ రూపకర్తల్లో ఒకరైన ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్‌తో కలిసి 2003లో మ్యాక్ కోసం కాన్‌ఫాబ్యులేటర్ విడుదల చేశారు. జావాస్క్రిప్ట్ తెలిస్తే చాలు, విడ్జెట్ తయారుచేయవచ్చు. 2005 ఏప్రిల్‌లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ టైగర్‌లో డాష్‌బోర్డ్ పేరిట దాదాపు అదే సదుపాయాన్ని చేర్చింది. తమ ఊహను తీసుకున్నారని కాన్‌ఫాబ్యులేటర్ రూపకర్తలు అన్నారు. చిన్న పనిముట్ల ఊహ 1984 మాకింటోష్‌లోని డెస్క్ యాక్సెసరీలలోనే ఉందని మరికొందరు వాదించారు. 2005 జులైలో కాన్‌ఫాబ్యులేటర్‌ను యాహూ కొనుక్కుంది.

2007లో విండోస్ విస్టా సైడ్‌బార్‌తో, గ్యాడ్జెట్లతో వచ్చింది. వాటిలో భద్రతా లోపాలున్నాయంటూ 2012 జులైలో మైక్రోసాఫ్టే వాటిని ఆపేయమని సలహా ఇచ్చింది. విండోస్ 8లో అవి మాయమయ్యాయి. ఆపిల్ 2019లో డాష్‌బోర్డ్‌ను తీసేసింది. ఆ తర్వాత 2021లో విండోస్ 11 విడ్జెట్లను, 2023లో మ్యాక్ ఓఎస్ సొనోమా డెస్క్‌టాప్ విడ్జెట్లను మళ్లీ తెచ్చాయి.

కాంపిజ్ నుంచి గ్నోమ్ 3 దాకా

2006లో నోవెల్ ఉద్యోగి డేవిడ్ రెవెమాన్ పనితో వెలువడిన లినక్స్ విండో మేనేజర్ కాంపిజ్, గ్రాఫిక్స్ కార్డు బలంతో నాలుగు డెస్క్‌టాప్‌లను ఒక ఘనం నాలుగు ముఖాలుగా తిప్పి చూపింది. విండోలు కదిపితే జెల్లీలా ఊగేవి. అభిప్రాయ భేదాలతో దీని నుంచి బెరిల్ విడిపోయి, 2007లో మళ్లీ కలిసింది. లినక్స్‌ను ఎన్నడూ చూడనివారికి కూడా ఆ తిరిగే ఘనం ఆసక్తి కలిగించింది.

2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 పాత ప్యానెళ్లను, మెనూలను వదిలేసి పూర్తి కొత్త రూపంతో వచ్చింది. నచ్చనివారు గ్నోమ్ 2 కోడ్‌ను తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు. లినక్స్ మింట్ బృందం సినమన్‌ను తయారుచేసింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో రూపం నచ్చకపోతే ప్యాచ్ వేయనక్కర్లేదు, వేరు కాపురం పెట్టవచ్చు. అయినా అక్కడా తగాదా తప్పలేదు. తమ యాప్‌లకు పంపిణీదారులు సొంత థీమ్‌లు వేస్తే ఐకాన్లు, అక్షరాలు చెదిరిపోయి ఆ ఫిర్యాదులు తమకే వస్తున్నాయంటూ, 2019లో కొందరు గ్నోమ్ యాప్ రూపకర్తలు బహిరంగ లేఖ రాశారు. యూజర్ స్వేచ్ఛ తయారుచేసినవారికి మోపెడు పని కాగలదని ఆ లేఖ గుర్తుచేసింది.

స్టార్ట్ బటన్ కోసం

ధర తక్కువ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌ల కోసం ఉద్దేశించిన విండోస్ 7 స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలే ఉండేది కాదు. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 మరింత ముందుకెళ్లి, 17 ఏళ్లుగా అలవాటైన స్టార్ట్ బటన్‌ను తీసేసింది. ఆ ఒక్క లోటు మీద ప్రోగ్రాములు నిలబడ్డాయి. ఇవో బెల్ట్‌చెవ్ 2009 నుంచి రాస్తున్న ఉచిత ప్రోగ్రాము క్లాసిక్ షెల్‌కు, స్టార్‌డాక్ స్టార్ట్8కు ఆదరణ దక్కింది. అంతవరకు కస్టమైజేషన్ అంటే కొత్తదనం కోసం వెతకడం. ఇప్పుడది పాతదాన్ని కాపాడుకోవడమైంది. 2013లో విండోస్ 8.1తో బటన్, 2015లో విండోస్ 10తో మెనూ తిరిగొచ్చాయి. క్లాసిక్ షెల్ పని 2017లో ఆగినా దాని కోడ్ ఓపెన్-షెల్ పేరుతో బతికింది.

2021 అక్టోబరులో విడుదలైనప్పుడు విండోస్ 11 టాస్క్‌బార్‌ను తెర పైఅంచుకో పక్కలకో జరిపే వీలు తీసేసింది. ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్ఆల్‌బ్యాక్ వంటివి పాత పద్ధతిని తిరిగి ఇచ్చేందుకు ముందుకొచ్చాయి. అటు మ్యాక్‌లో 2015 నుంచి అమల్లో ఉన్న సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్, సిస్టమ్ ఫైళ్లను ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తోంది. దానితో అక్కడ లోతైన థీమ్‌ల కాలం దాదాపు ముగిసింది.

నేటి ధోరణులు

ఆటల వేదిక స్టీమ్‌లో 2016లో అడుగుపెట్టిన వాల్‌పేపర్ ఇంజిన్ కదిలే వాల్‌పేపర్లను, వాటిని యూజర్లే తయారుచేసి పంచుకునే అలవాటును విస్తరించింది. లినక్స్‌లో డీడబ్ల్యూఎం, ఎక్స్‌మొనాడ్, ఐ3, హైపర్‌ల్యాండ్ వంటి టైలింగ్ విండో మేనేజర్లు విండోలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, గచ్చు పలకల్లా పక్కపక్కన సర్దుతాయి. మౌస్ అవసరం బాగా తగ్గుతుంది. ఇలా తెరను తీర్చిదిద్దడాన్ని ఔత్సాహికులు ‘రైసింగ్’ అంటారు. జపాన్ కార్లను ఎగతాళి చేసే మాట నుంచి కార్ల అలంకరణకు, అక్కడి నుంచి కంప్యూటర్లకు ఆ పదం చేరింది. తమ సెట్టింగుల ఫైళ్లను ‘డాట్‌ఫైల్స్’గా అందరికీ అందుబాటులో పెట్టడం వీరి ఆనవాయితీ.

తెలుగు తెర

మెనూలు, ఫైళ్ల పేర్లు సొంత భాషలో కనిపించడం కూడా కస్టమైజేషన్‌లో భాగమే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ ఫాంట్లు వచ్చాయి. ఎక్స్‌పీలో తెలుగు ఒత్తులు సరిగా కుదరాలంటే రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా చేర్చుకోవాల్సి వచ్చేది. అక్షరాలను బొమ్మలుగా గీసి పెట్టే స్కిన్ పద్ధతి తెలుగుకు పొసగలేదు. విన్‌యాంప్ స్కిన్‌లోని అక్షరాల బొమ్మలో లాటిన్ అక్షరాలకే చోటుండేది. గుణింతాలూ ఒత్తులూ కలిసి రూపం మార్చుకునే లిపిని గడికొక అక్షరంగా కోసి పెట్టడం కుదరదు.

గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లను ఔత్సాహికులు తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో లినక్స్ పంపిణీని రూపొందించింది. కోడ్ తెరిచి ఉన్నందువల్లే ఇది సాధ్యమైంది. ఎవరి అనుమతీ అడగకుండా మెనూలో మాట మార్చవచ్చు.

ప్రభావం

ఈ సాఫ్ట్‌వేర్‌ను సోకు వ్యవహారంగా చూసేవారున్నారు. కానీ నేడు అందరూ మామూలుగా వాడే సదుపాయాల్లో చాలావాటికి పుట్టిల్లు ఇదే. లినక్స్ విండో మేనేజర్లలో ఏళ్ల తరబడి ఉన్న బహుళ డెస్క్‌టాప్‌లు విండోస్‌లోకి 2015లో గానీ రాలేదు. ఔత్సాహికుల నల్లని థీమ్‌లు 2018లో మ్యాక్ ఓఎస్ మొహావేలో డార్క్ మోడ్‌గా కనిపించాయి. కంటిచూపు మందగించినవారికి పెద్ద అక్షరాలు, గాఢమైన రంగుల తేడా అలంకారం కాదు, కంప్యూటర్ వాడగలగడానికి షరతు. 1984లో 64 చుక్కల గడితో దొరికిన వీలు వారికి ఇప్పుడు అవసరం. సిస్టమ్ తయారుచేసేవారు తెరలో ఎంత భాగానికి తాళం వేయాలని నిర్ణయించినప్పుడల్లా ఆ నిర్ణయం మొదట తగిలేది వారికే.